పడవకి పందెం, అత్తయ్యకి సీరియస్

చాండ్లర్, అరిజోనా
11 మే 1986

చిరంజీవి మీనాకి మేనత్త శేషమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం కులాసా, ఒక్క మీ నాన్న తప్ప. వాడి ఒంట్లో ఏ జబ్బూ లేదు గానీ, నీ పేరెత్తితే చాలు మొహం ఆముదం తాగినట్టు పెడతాడు. మీ అమ్మ నళిని మాత్రం నీ గది రోజూ తుడుస్తోంది.

నేను రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది. ఈ ఊరి ఎండ చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. పొద్దున ఒడియాలు పెడితే మధ్యాహ్నానికి గలగలమంటున్నాయి. ఇంటి వెనక పత్తిచేలు, వాటి అవతల మీ నాన్న పనిచేసే కంప్యూటర్ చిప్స్ ఫ్యాక్టరీ. మాట్లాడటానికి మనిషే దొరకడు గానీ ఎండకి లోటు లేదు.

మొన్న రాధాకృష్ణ గారింట్లో భోజనాలు. ఎవరో ఆవిడ "మీ అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని అడిగితే మీ నాన్న "షిప్పింగ్ కంపెనీలో ఇంజనీర్" అన్నాడు. కారెక్కాక "ఏ షిప్పురా రామమోహనూ?" అన్నాను. "షిప్పూ కాదు, మట్టీ కాదక్కా. పందేలు వేసే పడవ. అందులో పొయ్యి దగ్గర పని. ఇందుకేనా నేను ఇంత చదివించింది?" అన్నాడు.

అసలు సంగతికి వస్తాను. ఫ్యాక్టరీలో నీకు ఉద్యోగం మాట్లాడాడు. జూలై ఏడున చేరాలట. "నేను రాస్తే చింపేస్తుంది, నువ్వు రాయి అక్కా" అని కాగితం, కలం తెచ్చి ఒళ్ళో పెట్టాడు. కనుక రాస్తున్నాను. చదువుకున్న పిల్లవి, జూదగాళ్ళ పడవలో నీకేం పని? జూన్ ఆఖరుకల్లా వచ్చెయ్యి.

మా అరుగు మీద కూర్చోబెట్టి నీకు అక్షరాలు దిద్దించింది నేనే. జవాబు తెలుగులో రాయకపోతే ఊరుకోను.

శేషమ్మ


పడూకా, కెంటకీ
20 మే 1986

అత్తయ్యకి నమస్కారాలు.

నా స్పెల్లింగ్స్ చూసి నవ్వకు. ఈ లెటర్ రాయడానికి రెండు రాత్రులు పట్టింది.

ముందు ఒకటి క్లియర్ చేస్తాను. ఇది జూదం పడవ కాదు. పేరు క్లారా హేవుడ్. స్టీమ్‌బోట్. వెనక ఇల్లంత చక్రం, కింద మూడు బాయిలర్లు. రోజూ టూరిస్టుల్ని ఎక్కించుకుని ఒహాయో నది మీద రెండు గంటలు తిప్పుతాం. స్కూల్ పిల్లలు వస్తారు, ముసలివాళ్ళు వస్తారు, లెమనేడ్ అమ్ముతారు. అంతే.

రేస్ సంగతి చెప్తాను. నూరు, నూటయాభై ఏళ్ళ కింద ఇక్కడ సరైన రోడ్లు లేవు, రైళ్ళు ఇంకా సరిగా రాలేదు. ఒహాయో, మిసిసిపి మీద అన్నీ స్టీమ్‌బోట్లే. ఏది ముందు చేరితే దానికే సరుకు, దానికే ప్యాసింజర్లు, దానికే పేరు. అందుకని రెండు బోట్లు ఒకదాన్నొకటి చూస్తే చాలు, రేస్. ఊళ్ళకి ఊళ్ళు ఒడ్డు మీదకి వచ్చేవి. గాలి అడ్డం అని కిటికీలూ తలుపులూ పీకేసేవాళ్ళు. స్టీమ్ పెరగాలని పొయ్యిలో టర్పెంటైన్ పోసేవాళ్ళు, పందికొవ్వు పడేసేవాళ్ళు. స్టీమ్ ఎక్కువైతే బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ తెరుచుకోకుండా దాని మీద బరువులు కట్టేసేవాళ్ళు. గెలిచిన బోటు జింక కొమ్ములు కట్టుకుని తిరిగేది. చాలా బోట్లు పేలిపోయాయి కూడా. బెట్ కాసినవాళ్ళు పై అంతస్తులో ఉండేవాళ్ళు. కట్టెలు వేసే బానిసలు, టికెట్‌కి డబ్బు లేనివాళ్ళు బాయిలర్ల పక్కన ఉండేవాళ్ళు. ముందు పోయేది వాళ్ళే.

ఆ రోజుల గుర్తుగా ప్రతి జూలై నాలుగున మా బోటుకీ, పక్క ఊరి బోటు బ్లూ హెరన్‌కీ రేస్ పెడతారు. టీవీ వస్తుంది. నేను సెకండ్ ఇంజనీర్ని, ఇక్కడ బోట్లని తనిఖీ చేసే కోస్ట్ గార్డ్ ఎగ్జామ్ పాస్ అయి లైసెన్స్ తెచ్చుకున్నాను. మా చీఫ్ జూన్ ఆఖర్లో కంటి ఆపరేషన్ చేయించుకుంటున్నాడు. కాబట్టి ఈసారి ఇంజన్ రూమ్ మొత్తం నా చేతిలో ఉంటుంది. నాన్నకి ఇది పొయ్యి దగ్గర పని. నాకు ఇంతకన్నా పెద్ద పని ఇంకోటి తెలియదు.

నాన్నకి చెప్పు, మొహానికి గుడ్డ కట్టుకుని అద్దాల గదిలో కూర్చోవడం నావల్ల కాదు. జూలై ఏడున రాను. ఎనిమిదినా రాను.

చేతులకి గ్రీజ్ ఉంది, కాగితం మీద మరకలకి సారీ.

మీనా


చాండ్లర్
2 జూన్ 1986

చిరంజీవి మీనాకి,

నీ ఉత్తరం పైకి చదివాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. పందికొవ్వు దగ్గరికి వచ్చేసరికి మీ అమ్మ చేతిలో గరిటె జారిపోయింది. "అయ్యో వదినా, అది పందికొవ్వు ముట్టుకుంటోందా" అని ఒకటే గోల. అవి పూర్వం సంగతులు, ఇప్పుడు కాదు అని ఎంత చెప్పినా వినదు. నీకు సబ్బులు పార్సిల్ పంపుతానంటోంది. మీ నాన్నకి పందికొవ్వు పట్టలేదు, పేలిపోయిన పడవల దగ్గరే ఆగిపోయాడు. ఆ పేజీ అడిగి తీసుకుని మళ్ళీ చదువుకున్నాడు.

నేను రమ్మని రాయాలి. రాస్తున్నాను, వచ్చెయ్యి. వాడి మాట రాసేశాను, ఇక నా మాట రాస్తాను.

మీ మల్లయ్య మావయ్య లాంచీ సరంగుగా ఉన్న రోజుల్లో రాజమండ్రి నుంచి కూనవరం దాకా రెండు కంపెనీల లాంచీలు తిరిగేవి. దేవీపట్నం రేవుకి ఏది ముందు వస్తే జనం దాంట్లో ఎక్కేవాళ్ళు. ఇంకేముంది, రోజూ పందెమే. నేను కాపరానికి వెళ్ళింది కూడా ఆ లాంచీలోనే. పక్క లాంచీని దాటేసి, చుక్కాని దగ్గర నుంచి వెనక్కి తిరిగి నా వంక చూశాడు. అబద్ధం ఎందుకు, అంత గర్వం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. పందెం అంటే నాకు అసహ్యం అనుకోకు. ఇష్టం కాబట్టే భయం.

ఒకసారి పక్క లాంచీ బాగా దగ్గరికి వచ్చింది. వాళ్ళని వెక్కిరించడానికి మా జనమంతా ఒక పక్కకి ఎగబడ్డారు. లాంచీ ఒరిగిపోయింది. నా బుట్టలో తాటిముంజలు గోదాట్లో కలిశాయి. మీ మావయ్య గొంతు చించుకుని అరిచి అందర్నీ వెనక్కి నెట్టించాడు గనక సరిపోయింది. మర్నాడు మళ్ళీ అదే పందెం, మళ్ళీ అదే జనం. పందెం రోజున మనుషులు మనుషుల్లా ఉండరమ్మా. జాగ్రత్త.

శేషమ్మ


పడూకా
14 జూన్ 1986

అత్తయ్యకి,

నీ లాంచీ స్టోరీ నాకు అర్థమైంది. భయపెడితే వచ్చేస్తానని రాశావు కదా. నువ్వు కూడా నాన్న పార్టీలో చేరతావని అనుకోలేదు. మావయ్య రేస్‌లో గెలిస్తే నీకు గర్వం, నేను ఇంజన్ నడిపితే జాగ్రత్త. ఆయన మగాడు, నేను ఆడపిల్లని, అంతేనా?

కానీ నువ్వు చెప్పింది నిజం. అందుకే ఇంకా కోపం వస్తోంది. పాత స్టీమ్‌బోట్లు కొన్ని పేలింది అలాగే. మూడు బాయిలర్లు పక్కపక్కన ఉంటాయి, వాటి నీళ్ళు పైపులతో కలిసి ఉంటాయి. జనం ఒక పక్కకి పరిగెడితే బోటు ఒరుగుతుంది, పైకి లేచిన పక్క బాయిలర్‌లో నీళ్ళు తగ్గిపోతాయి. కింద మంట మాత్రం మండుతూనే ఉంటుంది. ఇనుము ఎర్రబడుతుంది. బోటు మళ్ళీ సర్దుకోగానే నీళ్ళు ఒక్కసారి దాని మీద పడి ఆవిరైపోతాయి. అంతే, ఇక బోటు ఉండదు.

ఇక్కడ ఓనర్ మిస్టర్ హార్లన్‌తో నాకు గొడవ అయింది. రెండేళ్ళ నుంచి బ్లూ హెరన్ గెలుస్తోంది. ఈసారి ఎలాగైనా కొమ్ములు మా బోటుకి రావాలట. "పాతకాలంలాగా వాల్వ్ మీద బరువుకి ఒక ఇనప రెంచ్ వేలాడదియ్యి, పది నిమిషాలు, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. నాకు తెలుస్తుంది అన్నాను. "నువ్వు చెయ్యకపోతే చేసేవాడు రేవులో ఉన్నాడు" అన్నాడు. నిజంగానే ఉన్నాడు. ఆ మనిషి నవ్వుతూ నాకు రెంచ్ చూపించాడు కూడా. కానీ లైసెన్స్ ఉన్న నేను బోటులో ఉండగా అతన్ని ఇంజన్ రూమ్‌లోకి రానివ్వడానికి వీల్లేదు.

అమ్మకి చెప్పు, మా బోటు ఆయిల్‌తో నడుస్తుంది. సబ్బులు వద్దు.

మీనా


చాండ్లర్
24 జూన్ 1986

మీనాకి,

నన్ను నాన్న పార్టీ అన్నావు. నాకు పార్టీ ఉంటే అది నాదే. మగాడు, ఆడపిల్ల అన్న మాట నేను అనలేదు, నా నోట్లో పెట్టకు. మీ మావయ్యకీ ఆ రోజుల్లో జాగ్రత్త అనే చెప్పాను, ఆయనా నీలాగే ముక్కుమీద కోపంతో నాలుగు రోజులు అన్నం మానేశాడు. ఆ రెంచ్ మనిషిని మాత్రం లోపలికి రానివ్వకు.

మీ నాన్న ఈమధ్య మారాడు. కోపం పోయింది. రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని "అక్కా, గుండె దడగా ఉంటుందా, ఆయాసం వస్తుందా" అని అడుగుతున్నాడు. బీపీ మిషన్ కొని తెచ్చాడు. పెద్దదాన్నయ్యానని ఇన్నాళ్ళకి వాడికి గుర్తొచ్చింది. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను, ఎండలో నిలబడి మినపొడియాలు పెట్టాను. అయినా తమ్ముడు అడిగితే బాగుంటుంది కదా.

శేషమ్మ


పడూకా
3 జూలై 1986

అత్తయ్యా,

రేవు ఆఫీస్‌కి నాన్న ఫోన్ చేసి మెసేజ్ పెట్టాడు. అత్తయ్యకి సీరియస్, వెంటనే బయలుదేరు అని. నాన్న ఇచ్చిన ఆఫీస్ నంబర్‌కి తిరిగి చేశాను. గుండెపోటు, ఐసీయూలో ఉన్నావు, మాట్లాడలేవు అన్నాడు. నా పేరే కలవరిస్తున్నావు అన్నాడు. ఈ రాత్రి ఫ్లైట్‌కి టికెట్ బుక్ చేశానన్నాడు.

బ్యాగ్ సర్దుకున్నాను. మెట్లు దిగుతుంటే ఆ రెంచ్ మనిషి ఎదురొచ్చాడు. నేను వెళ్తున్నానని వాడికి అప్పుడే తెలిసిపోయింది. "బాయిలర్లు నేను చూసుకుంటాలే" అన్నాడు. రేపు బోటులో మూడు వందల మంది ఉంటారు. కింద డెక్‌లో, బాయిలర్ల ముందు, ఒక స్కూల్ బ్యాండ్ పిల్లలు కూర్చుంటారు.

కోస్ట్ గార్డ్‌కి ఫోన్ చేశాను. రేపు సెలవు, సోమవారం కంప్లెయింట్ రాసి ఇమ్మన్నారు. చీఫ్ కళ్ళకి కట్లతో ఉన్నాడు. ఇంకెవరూ లేరు.

అత్తయ్యా, నేను రావడం లేదు. నువ్వు పిలిచినా రావడం లేదు. నన్ను తిట్టుకో. తిట్టుకోవడానికైనా బతికి ఉండు.

మీనా


పడూకా
6 జూలై 1986

అత్తయ్యా,

నువ్వు ఉన్నావో లేదో తెలియకుండా రాస్తున్నాను. నిన్న పే ఫోన్ నుంచి ఇంటికి చేశాను. నాన్న తీశాడు. "రమ్మన్నప్పుడు రాలేదు. ఇప్పుడు ఆవిడ ఉంటే నీకెందుకు, పోతే నీకెందుకు" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎవరూ తియ్యలేదు. అంటే నువ్వు లేవని అనుకోవాలా? అనుకోను. నీకు రేస్ ఎలా జరిగిందో చెప్పాలి, వినేదాకా నువ్వు ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు.

మొదటి మూడు మైళ్ళు మేమే ముందున్నాం. రూల్ దాటకుండా, వాల్వ్ మీద కోస్ట్ గార్డ్ వేసిన సీల్ ముట్టుకోకుండా. నాకు ఎంత సంతోషం అంటే, ఒక్క నిమిషం నిన్ను కూడా మర్చిపోయాను. వంతెన దగ్గర బ్లూ హెరన్ ఎడమ పక్కకి వచ్చింది, బాగా దగ్గరగా. పైన జనం అరుచుకుంటూ అందరూ ఎడమ పక్కకి పరిగెత్తారు. నాకు కాళ్ళ కింద తెలిసింది, ఫ్లోర్ వాలుతోంది. కుడి బాయిలర్ నీటిమట్టం చూపించే గాజుగొట్టం చూస్తే నీళ్ళు దిగిపోతున్నాయి. పైనుంచి హార్లన్ మాటల గొట్టంలోంచి అరుస్తున్నాడు, ఇంకా స్టీమ్, ఇంకా స్టీమ్ అని.

నేను ఆయిల్ కట్టేశాను. మూడు పొయ్యిలూ ఆరిపోయాయి. డెక్ మీద కుర్రాళ్ళని పంపి జనాన్ని కుడి పక్కకి నెట్టించాను. చక్రం నెమ్మదించింది. బ్లూ హెరన్ విజిల్ వేసుకుంటూ వెళ్ళిపోయింది. నీళ్ళు సర్దుకుని, ఇనుము చల్లారిందని తేలేదాకా నేను మళ్ళీ వెలిగించలేదు. మేము రేవుకి వచ్చేసరికి వాళ్ళు కొమ్ములు కట్టేసుకున్నారు, ఒడ్డు మీద బ్యాండ్ మేళం కూడా అయిపోయింది.

దిగుతుంటే ఒకాయన నా మీదకి బీర్ డబ్బా విసిరాడు. హార్లన్ అందరి ముందూ నీ పని అయిపోయింది, సామాను తీసుకో అన్నాడు. బాయిలర్ ఏమైనా పేలిందా, పేలలేదుగా, ఊరికే భయపడ్డావు అన్నాడు. పేలకపోతే నాది తప్పు అట. పేలితే ఎవరు మిగిలి ఉంటారు చెప్పడానికి? నేను తల దించలేదు. ఇంజన్ రూమ్ గోడ మీద ఫ్రేమ్‌లో ఉన్న నా లైసెన్స్ తీసుకుని, చంకలో పెట్టుకుని నడిచి వచ్చేశాను. రేపు కోస్ట్ గార్డ్‌కి ఆ కంప్లెయింట్ ఇస్తాను.

ఉద్యోగం లేదు. నువ్వు ఉన్నావో లేదో తెలియదు. ఏడుస్తున్నాను. కానీ సారీ చెప్పడం లేదు అత్తయ్యా. రేపు మళ్ళీ జూలై మూడు వచ్చినా ఇలాగే చేస్తాను.

మీనా


చాండ్లర్
11 జూలై 1986

నా తల్లీ మీనా,

నేను ఉన్నాను. ఐసీయూలో కాదు, పెరట్లో ఉన్నాను. నువ్వు ఇంటికి ఫోన్ చేసినప్పుడూ పెరట్లోనే ఉన్నాను, వినపడలేదు. నాలుగో తారీఖున నేను రాధాకృష్ణ గారింట్లో రెండుసార్లు అడిగి పులిహోర వేయించుకుని తిన్నాను. నీ మూడో తారీఖు ఉత్తరం మొన్న, రెండోది నిన్న వచ్చాయి. మీ నాన్న ఆఫీసులో ఉండగా వచ్చాయి గనక నా చేతిలో పడ్డాయి. మీ రేవు ఆఫీసు నంబరుకి మీ అమ్మ చేత ఫోన్ చేయించాను. మీనా ఇక్కడ పనిచెయ్యదు అని పెట్టేశారట. అందుకే ఎక్స్‌ప్రెస్‌లో పంపిస్తున్నాను.

మొన్న వాడు ఇంటికి రాగానే నీ మొదటి ఉత్తరం చేతికిచ్చాను. చదివి కుర్చీలో కూలబడ్డాడు. "పేలిపోతుందని భయమేసిందక్కా. అది రావాలంటే నాకు ఇంకో దారి కనిపించలేదు" అన్నాడు. "దారి కనిపించకపోతే నన్ను చంపుతావురా" అన్నాను. "మనవాళ్ళంతా చేసేదేగా. నన్ను మద్రాసు నుంచి ఎలా పిలిపించారు?" అన్నాడు. అదీ నిజమే. మా నాన్నకి సీరియస్ అని టెలిగ్రాం ఇస్తే వీడు పరీక్ష మానేసి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే నాన్న వీధిలో చుట్ట కాలుస్తున్నాడు, లోపల మీ అమ్మతో పెళ్ళిచూపులు. ఆ పరీక్ష మళ్ళీ రాయడానికి ఏడాది పట్టింది. వాడు వచ్చాడు, నువ్వు రాలేదు. అది వాడికి మింగుడుపడటం లేదు. రాకుండా ఉండొచ్చని వాడికి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

జాలి వేసింది. కానీ వదిలిపెట్టలేదు. సీరియస్ అన్నావు కాబట్టి సీరియస్సే అని మంచం ఎక్కాను. సీరియస్ మనిషి కాఫీ పెట్టుకోకూడదు, వాడే పెడుతున్నాడు. మీ అమ్మ వంటింట్లోకి వస్తే వెళ్ళిపొమ్మంటున్నాను. నిన్న వాడు పెట్టిన చారులో ఉప్పు లేదు, చింతపండు మాత్రం ఊరంతటికీ సరిపోయేంత ఉంది. మళ్ళీ పెట్టించాను.

నేను మంచం పట్టానని విని నిన్న సాయంత్రం రాధాకృష్ణ గారూ, మరో నలుగురూ పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చారు. మీ నాన్న గుమ్మం దగ్గర నీళ్ళు నములుతున్నాడు. నేను లేచి కూర్చుని చెప్పాను, నాకు ఏ జబ్బూ లేదండీ, మా మేనకోడలు షిప్పింగ్ కంపెనీలో లేదు, ఆవిరి పడవకి ఇంజనీరు, మూడు వందల మందిని క్షేమంగా ఒడ్డుకి దించి ఉద్యోగం పోగొట్టుకుంది, నేను చచ్చిపోతున్నానని నమ్మి కూడా మంట దగ్గర నుంచి కదల్లేదు అని. అందరూ మీ నాన్న వంక చూశారు. కొంతసేపయ్యాక వాడే వాళ్ళకి ఆ మూడు బాయిలర్లూ, వాటి నీళ్ళూ ఎలా కలిసి ఉంటాయో చెప్పడం మొదలుపెట్టాడు. తప్పు చెప్పాడో ఒప్పు చెప్పాడో నాకు తెలియదు, చాలాసేపు చెప్పాడు.

నువ్వు చాండ్లర్ రావద్దు. ఆ ఉద్యోగం ఎవరికో ఇచ్చేసుకోమని ఫ్యాక్టరీకి వాడి చేతే చెప్పించాను. అంత పెద్ద నదికి ఒక్కటే పడవా? ఇంకోటి వెతుక్కో. వెతుక్కునేటప్పుడు ఎందుకు తీసేశారని అడిగితే దాచకు, ఉన్నదున్నట్టు చెప్పు. అది విని వద్దనే పడవ నీకూ వద్దు.

నన్ను తిట్టుకో అన్నావు. తిట్టుకోలేదు. నువ్వు ఆ ఫ్లైట్ ఎక్కి, ఆ పిల్లల్ని ఆ రెంచ్ మనిషికి వదిలేసి నా మంచం పక్కకి వచ్చి ఏడ్చి ఉంటే, అప్పుడు తిట్టేదాన్ని. ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకో. ఎప్పటికైనా నాకు నిజంగానే వస్తుంది ఆ రోజు, అప్పుడు కూడా ఫోన్ వస్తుంది. నీ పొయ్యిలో మంట ఉండి, పైన జనం ఉంటే, రాకు. నేను ఆగగలిగితే ఆగుతాను. ఆగలేకపోతే, మా మీనా పనిలో ఉంది అని చెప్పి పోతాను.

ఏ రోగమూ లేని మీ అత్తయ్య,
శేషమ్మ